గార్గి పేరు చెప్పి ఊరుకుంటే సరిపోదు

తత్వశాస్త్రంలో ఆడవాళ్లు ఎందుకు ఇంత తక్కువ అని అడిగితే మన దగ్గర ఠక్కున వచ్చే జవాబు ఒకటుంది: "ఎందుకు లేరండీ? మనకు గార్గి లేదూ, మైత్రేయి లేదూ!" ఈ మాట సభల్లో విన్నాను, స్టాఫ్‌రూముల్లో విన్నాను, పెళ్లి భోజనాల దగ్గరా విన్నాను. అనేవాళ్లు అభిమానంతోనే అంటారు. నాకూ గార్గి అంటే ప్రాణం. బృహదారణ్యకోపనిషత్తులో జనక మహారాజు సభలో యాజ్ఞవల్క్యుణ్ణి నిలదీసిన మనిషి ఆమె. ఈ లోకమంతా నీళ్లమీద ఆధారపడి ఉంటే ఆ నీళ్లు దేనిమీద ఉన్నాయని మొదలుపెట్టి, ఒక్కో మెట్టే ఎక్కుతూ బ్రహ్మలోకం దాకా వెళ్లి, మరి అది దేనిమీద ఉందని అడిగింది. ఇంకా అడిగితే తల రాలిపడుతుందని ఆయన హెచ్చరించాడు. ఆమె కూర్చుంది. కాసేపటికి మళ్లీ లేచింది, ఈసారి రెండే ప్రశ్నలు అడిగింది, ఆయన చేత అక్షరతత్వం, అంటే నాశనం లేనిదాని సంగతి, చెప్పించింది.

అయితే ఆ అధ్యాయాన్ని ఒకసారి వేళ్లమీద లెక్కపెడుతూ చదవండి. యాజ్ఞవల్క్యుడితో వాదానికి దిగినవాళ్లు ఎనిమిది మంది: అశ్వలుడు, ఆర్తభాగుడు, భుజ్యుడు, ఉషస్తుడు, కహోలుడు, గార్గి, ఉద్దాలకుడు, శాకల్యుడు. ఎనిమిదిలో ఆడమనిషి ఒక్కతే. ఇప్పుడు అమెరికాకు రండి. ఎం.ఐ.టి.లో తత్వశాస్త్రం చెప్పే శాలీ హాస్లాంగర్ 2008లో ఒక వ్యాసం రాశారు. 2002 నుంచి 2007 దాకా ఇంగ్లిష్‌లో బాగా పేరున్న తత్వశాస్త్ర పత్రికలు ముందు పెట్టుకుని, వాటిలో ఆడవాళ్లు రాసిన వ్యాసాలు ఎన్నో లెక్కకట్టారు. నూటికి పన్నెండు చిల్లర తేలాయి. అంటే అక్కడా ఎనిమిదింట ఒక వంతే. జనకుడి సభకూ ఈ పత్రికలకూ మధ్య వేల ఏళ్లు గడిచాయి. వాటా మాత్రం దాదాపు అదే.

నేను తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేసి, డిగ్రీ పిల్లలకు తర్కం, నీతిశాస్త్రం, పాశ్చాత్య తత్వశాస్త్రం చెబుతున్నదాన్ని. ఈ ప్రశ్న నన్ను రోజూ బెంచీల మీంచి పలకరిస్తుంది. ఈ వ్యాసంలో ఎక్కువగా బ్రిటన్, అమెరికాల సంగతులు చెబుతాను. కారణం ఉంది. అక్కడి తత్వశాస్త్ర శాఖలు తమలో ఆడవాళ్లు ఎందరో తామే లెక్కపెట్టుకుని, ఎందుకు తగ్గారో తమలో తామే తర్కించుకుని, ఆ సంగతులన్నీ కాగితం మీద పెట్టాయి.

ఎక్కడ తగ్గిపోతున్నారు

బ్రిటన్‌లో హెలెన్ బీబీ, జెన్నిఫర్ సాల్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 2011లో ఒక నివేదిక తెచ్చారు. దాని ప్రకారం అప్పట్లో డిగ్రీలో తత్వశాస్త్రం చదివేవాళ్లలో 46 శాతం అమ్మాయిలు. పిహెచ్‌డికి వచ్చేసరికి 31 శాతం. శాశ్వత ఉద్యోగాల్లో 24 శాతం. మొదట్లో దాదాపు సగం ఉన్నవాళ్లు చివరికి పావువంతుకు దిగారు.

అమెరికాలో ఈ తగ్గుదల ఇంకా ముందే మొదలవుతుంది. అక్కడ డిగ్రీ మొదట్లో పిల్లలు రకరకాల సబ్జెక్టుల్లో పరిచయ కోర్సులు చదివి, తర్వాత ప్రధాన సబ్జెక్టు ఎంచుకుంటారు. మొలీ పాక్స్‌టన్, కేరీ ఫిగ్డర్, వాలెరీ టైబీరియస్ అనే ముగ్గురు పరిశోధకులు చాలా కాలేజీల లెక్కలు తెప్పించి 2012లో ప్రచురించారు. అమ్మాయిలు అన్నిటికన్నా ఎక్కువగా జారిపోయేది పరిచయ కోర్సుకూ ప్రధాన సబ్జెక్టు ఎంపికకూ మధ్యేనని తేలింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో జరిగిన మరో పరిశీలన ఇంకొంచెం వెనక్కి వెళ్లింది. ఈ సబ్జెక్టులో కొనసాగే ఉద్దేశం ఉందా అని అడిగితే, కోర్సు మొదలయ్యే నాటికే అమ్మాయిలు అబ్బాయిలకన్నా వెనకడుగులో ఉన్నారు.

ఉద్యోగాలిచ్చే చోట, పదోన్నతులిచ్చే చోట అన్యాయం జరిగితే దాని మీద కోర్టుకెళ్లొచ్చు, కమిటీ వేయించొచ్చు. పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక్క సెమిస్టరు కూర్చుని, పరీక్ష రాసి, మంచి మార్కులే తెచ్చుకుని, ఇది నాలాంటిదానికి కాదులే అని లేచి వెళ్లిపోతే దాన్ని ఎవరూ అన్యాయం అనరు. ఆమె ఇష్టం అంటారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండోదే. ఆ ఇష్టాన్ని ఎవరు తయారుచేశారో చూడాలి.

యుద్ధం ఖాళీ చేసిన గది

ఆడవాళ్లకు అంత నైరూప్యమైన ఆలోచన రుచించదు, అందుకే రారు అనే వాదన ఒకటుంది. దీనికి చరిత్రే ఒకసారి పరీక్ష పెట్టింది.

1920లో గానీ ఆక్స్‌ఫర్డ్ ఆడవాళ్లకు డిగ్రీ పట్టా ఇవ్వలేదు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లకు, 1938లో, అక్కడి సోమర్‌విల్ కాలేజీలో ఐరిస్ మర్డాక్, మేరీ స్క్రటన్ చేరారు. మరుసటి ఏడాది అదే కాలేజీకి ఫిలిప్పా బోసాన్‌కే వచ్చింది. సెయింట్ హ్యూస్ కాలేజీలో అప్పటికే ఎలిజబెత్ ఆన్స్‌కూంబ్ ఉంది. 1939లో యుద్ధం వచ్చింది. ఈడొచ్చిన మగపిల్లలు, కుర్ర లెక్చరర్లు యుద్ధానికి, యుద్ధపు పనులకు వెళ్లిపోయారు. పాఠాలు చెప్పడానికి మిగిలింది వయసు మళ్లినవాళ్లు, ఐరోపా నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన పండితులు, అంతరాత్మ ఒప్పక ఆయుధం పట్టనివాళ్లు. క్లాసులు చిన్నవయ్యాయి. అమ్మాయిలు మాట్లాడితే వినడానికి గురువుకు తీరిక దొరికింది.

ఆ నలుగురూ ఏమయ్యారో చూడండి. ఆన్స్‌కూంబ్ తత్వవేత్త విట్గెన్‌స్టైన్ శిష్యురాలై, ఆయన ప్రధాన గ్రంథాన్ని జర్మన్ నుంచి ఇంగ్లిష్‌లోకి తెచ్చింది. 1957లో సంకల్పం మీద, అంటే మనం ఒక పనిని కావాలని చేయడం అంటే ఏమిటన్న దాని మీద, ఆమె రాసిన చిన్న పుస్తకాన్ని ఇవాళ్టికీ వదలకుండా చదువుతున్నారు. 1970లో కేంబ్రిడ్జ్‌లో విట్గెన్‌స్టైన్ కూర్చున్న పీఠానికే ప్రొఫెసరైంది. బోసాన్‌కే పెళ్లి తర్వాత ఫిలిప్పా ఫుట్ అయింది. అదుపు తప్పిన ట్రాము ఒక దారిలో పోతే ఐదుగురు చస్తారు, పక్క పట్టా మీదికి మళ్లిస్తే ఒకరు చస్తారు, మళ్లించడం తప్పా ఒప్పా అన్న ప్రశ్న 1967లో ఆమె వేసిందే. డ్రైవరు లేని కార్ల గురించి మాట్లాడేవాళ్లంతా ఇప్పుడు ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నారు. ఐరిస్ మర్డాక్ నీతిశాస్త్రంలో గొప్ప పుస్తకం రాయడమే కాకుండా నవలాకారిణిగా 1978లో బుకర్ బహుమతి గెలిచింది. మేరీ స్క్రటన్ పెళ్లయ్యాక మేరీ మిడ్జ్‌లీగా ముగ్గురు కొడుకులను పెంచి, అరవైకి చేరువలో 1978లో మొదటి పుస్తకం అచ్చు వేయించి, 2018లో 99 ఏళ్లకు కన్నుమూసేదాకా రాస్తూనే ఉంది.

2013లో, 94 ఏళ్ల వయసులో, మిడ్జ్‌లీ గార్డియన్ పత్రికకు ఒక ఉత్తరం రాసింది. తమ తరంలో అంతమంది ఎలా నిలబడ్డారన్నదానికి ఆమె చెప్పిన జవాబు సూటిగా ఉంటుంది: అప్పుడు చుట్టూ మగవాళ్లు తక్కువ. వెంటనే ఒక వివరణ కూడా ఇచ్చింది. చిక్కు మగవాళ్లతో కాదట, ఒక ధోరణితోనట. చురుకైన కుర్రాళ్లంతా ఒక గదిలో చేరి, అసలు సమస్యను వదిలేసి, ఎవరు గెలుస్తారన్న దాని మీద పడిపోయే ధోరణి అది.

తెలివి ఆ నాలుగేళ్లే ఆకాశం నుంచి ఊడిపడి ఉండదు. ముందు తరంలోనూ, తర్వాతి తరంలోనూ అంతే బుర్ర ఉన్న అమ్మాయిలు ఆ కాలేజీ గేట్లలోంచి నడిచే ఉంటారు. యుద్ధకాలంలో మారింది గది వాతావరణం. నైరూప్యం మాటకొస్తే, అమెరికాలో రూత్ బార్కన్ మార్కస్ సంగతి చాలు. పాతికేళ్ల వయసులో, 1946లో, ఆవశ్యకత, సాధ్యతల తర్కాన్ని గణిత సంకేతాల్లో కొత్త మెట్టు ఎక్కించింది. తర్కశాస్త్రంలో అంతకన్నా నైరూప్యమైన పని వెతికినా దొరకడం కష్టం.

పుట్టుతెలివి మీద గుడ్డినమ్మకం

2015లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ప్రిన్స్‌టన్‌లో తత్వశాస్త్రం చెప్పే సారా జేన్ లెస్లీ, మనస్తత్వ శాస్త్రవేత్త ఆండ్రై చింపియాన్, మరో ఇద్దరు కలిసి చేశారు. అమెరికాలో కళల చరిత్ర, సైకాలజీ పిహెచ్‌డిల్లో 70 శాతానికి పైగా ఆడవాళ్లే సంపాదిస్తుంటే, తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రాల్లో 35 శాతం కూడా లేరెందుకన్నది వాళ్లను పట్టిన ప్రశ్న. ఇవన్నీ పుస్తకాలు, కాగితాలు, చర్చలతో నడిచే చదువులే కదా.

30 సబ్జెక్టుల్లో 1,820 మందిని అడిగారు: మీ రంగంలో పైకి రావాలంటే నేర్పితే రాని ప్రత్యేకమైన శక్తి ఏదైనా పుట్టుకతో ఉండాలా, లేక కష్టపడితే వస్తుందా? ఏ రంగం వాళ్లు పుట్టుమేధ కావాలని గట్టిగా నమ్ముతారో ఆ రంగంలో ఆడవాళ్లు తక్కువగా తేలారు. సైన్సుల్లోనూ అంతే, మానవీయ శాస్త్రాల్లోనూ అంతే. ఆ నమ్మకం బలంగా ఉన్న రంగాల వరసలో తత్వశాస్త్రం పైన నిలిచింది. ఎక్కువ గంటలు పనిచేయాల్సి రావడం, ప్రవేశాలు కఠినంగా ఉండడం లాంటి వేరే కారణాలను కూడా పరీక్షించారు. అవేవీ ఇంత బాగా లెక్క కుదర్చలేదు. నల్లజాతి అమెరికన్ల వాటా కూడా ఈ నమ్మకాన్ని బట్టే తగ్గుతూ వచ్చింది. అంటే, ఫలానా వాళ్లకు పుట్టుతెలివి తక్కువని సమాజం ఎవరి మీద ముద్ర వేసిందో వాళ్లకు, పుట్టుతెలివినే కొలిచే రంగంలో చోటు కరువైపోతోంది.

ఆ ముద్ర ఎప్పుడు పడుతుంది? అదే బృందంలో కొందరు 2017లో చిన్నపిల్లల మీద చేసిన పరిశీలన చదివి నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోయాను. చాలా చాలా తెలివైన మనిషి కథ ఒకటి చెప్పి, ఆ మనిషి ఆడో మగో చెప్పకుండా, నాలుగు ఫొటోలు చూపించి ఎవరో పోల్చుకోమన్నారు. ఐదేళ్ల ఆడపిల్లలు ఆడవాళ్లనూ, మగపిల్లలు మగవాళ్లనూ ఇంచుమించు సమానంగా చూపించారు. ఆరేళ్లు వచ్చేసరికి ఆడపిల్లలు తమవాళ్లను చూపించడం తగ్గించేశారు. తర్వాత రెండు ఆటలు చెప్పారు. బాగా తెలివైన పిల్లలు ఆడేదని చెప్పిన ఆట మీద ఆడపిల్లల సరదా తగ్గింది. బాగా కష్టపడే పిల్లల ఆట అన్నప్పుడు ఆ తేడా కనిపించలేదు.

ఆరేళ్లంటే ఒకటో తరగతి. మన ఇళ్లలో రోజూ వినపడే మాటలు గుర్తు చేసుకోండి. కొడుక్కి మార్కులు తక్కువొస్తే, "వాడికి బుర్ర ఉంది, బద్ధకం అంతే" అంటాం. కూతురికి మార్కులు ఎక్కువొస్తే, "పాపం, బాగా కష్టపడుతుంది" అంటాం. రెండూ ముద్దుగానే అంటాం. ఒకరికి తెలివిని ఆస్తిగా రాసిచ్చేసి, రెండోవాళ్లకు కూలి చేసుకోమని చెబుతున్నాం. పన్నెండేళ్లు ఇది విన్న పిల్ల, మేధావుల చదువని పేరుపడ్డ క్లాసులో అడుగుపెడితే మొదటి రోజే తనను తాను బయటపెట్టుకుంటుంది.

వాదమా, జల్పమా

తర్కం మన దగ్గర పాత చదువు. గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. సత్యం తేల్చుకోవడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం. గెలవడానికి ఏ అడ్డదారైనా తొక్కేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడి మాటను కూలగొట్టడమే పనిగా పెట్టుకునేది వితండ. ఈ మూడో దాన్ని మనం వాడుకలో ఇప్పటికీ తిట్టుగానే వాడతాం. మిడ్జ్‌లీ చెప్పిన ధోరణి న్యాయశాస్త్రం లెక్కలో జల్పం. అమెరికాలో జానిస్ మౌల్టన్ అనే తత్వవేత్త 1983లోనే ఈ సంగతి రాసింది: ఎదుటివాడి మాటను పడగొట్టడమే తత్వచింతనకు ఏకైక పద్ధతి అనుకోవడం వల్ల శాస్త్రమే ఇరుకైపోతోందని.

ఈ ధోరణి ఎవరిని నోరు మూయిస్తుందో నేను కళ్లారా చూశాను. ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ పాఠం జరుగుతోంది. 1641లో అచ్చయిన గ్రంథంలో ఆయన అన్నిటినీ సందేహిస్తాడు. ఎదుట కనిపించేది కల కావచ్చు, ఏదో దుష్టశక్తి నన్ను మోసం చేస్తూ ఉండొచ్చు, చివరికి మిగిలేది సందేహిస్తున్న నేను ఒక్కణ్ణే అంటాడు. ముందు బెంచీలో ఇద్దరు కుర్రాళ్లు అందుకున్నారు. అలాంటి దుష్టశక్తి ఉండగలదా, ఉండలేదా అని మాటకు మాట. వాళ్లు చురుకైనవాళ్లే, క్లాసంతా నవ్వుతూ చూస్తోంది. గంట కొట్టారు. ఆ వారం ఇంటర్నల్ మార్కుల కోసం నోట్సు పుస్తకాలు దిద్దుతుంటే, మూడో వరసలో కూర్చునే ఒక అమ్మాయి పుస్తకంలో, మార్జిన్ పక్కన, పెన్సిల్‌తో ఒక వాక్యం కనిపించింది. "సందేహించాలన్నా మాటలు కావాలి కదా. ఆ మాటలు నేర్పినవాళ్లు ఉండే ఉండాలి కదా."

అది సామాన్యమైన ప్రశ్న కాదు. డెకార్ట్ ఒంటరిగా కూర్చుని అందరినీ సందేహించగలిగాడంటే, ఆ సందేహానికి వాడిన భాష అప్పటికే పదిమందిదీ. తనకొక్కడికే అర్థమయ్యే భాష ఎవరికైనా ఉండగలదా అన్న దాని మీద విట్గెన్‌స్టైన్ పేజీలకు పేజీలు రాశాడు. 1953లో అచ్చయిన ఆ పుస్తకాన్నే ఆన్స్‌కూంబ్ ఇంగ్లిష్ చేసింది. మదిలో ఆ ప్రశ్న పుట్టినా ఆ అమ్మాయి నోరు విప్పలేదు. పిలిచి, ఎందుకు అడగలేదమ్మా అంటే, "వాళ్ల వాదన అయ్యాక అడుగుదామనుకున్నాను మేడమ్, ఈలోగా బెల్లు కొట్టారు" అంది.

అప్పటినుంచి నా క్లాసులో రెండు నియమాలు పెట్టాను. చర్చకు ముందు ఐదు నిమిషాలు అందరూ మౌనంగా కాగితం మీద రాయాలి. ఆ తర్వాత వరసగా చదవాలి. రెండోది మన పాత పద్ధతే: పూర్వపక్షం. శంకరుడైనా, రామానుజుడైనా ఎదుటివాడి మతాన్ని ముందు పూర్తిగా నిలబెట్టి, ఆ తర్వాతే ఖండించారు. నా క్లాసులో కూడా ఎవరినైనా కాదనాలంటే, వాళ్లు చెప్పింది ముందు తన మాటల్లో చెప్పి, "అవును, నేనన్నది ఇదే" అని వాళ్ల చేత అనిపించుకోవాలి. ఈ నియమం వచ్చాక మూడో వరస నుంచే కాదు, వెనక వరస నుంచి కూడా గొంతులు లేచాయి. ముందు బెంచీ కుర్రాళ్లకూ లాభమే జరిగింది. వాళ్లకు వినడం అలవాటైంది, వాళ్ల వాదన పదునెక్కింది.

పుస్తకాల్లోంచి జారిపోయినవాళ్లు

డెకార్ట్‌కే మరో సంగతి ఉంది, ఇది చాలా పాఠ్యపుస్తకాల్లో ఉండదు. 1643 మేలో ఆయనకు హేగ్ నగరం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది బొహీమియా యువరాణి ఎలిజబెత్, వయసు 24. రాజ్యం పోగొట్టుకుని ప్రవాసంలో ఉన్న కుటుంబం వాళ్లది. ఆత్మ, శరీరం వేర్వేరు, ఆత్మకు ఆకారం లేదు, చోటు ఆక్రమించదు అంటున్నారు కదా, మరి అలాంటి ఆత్మ ఈ చేతిని ఎలా కదిలిస్తుంది అని అడిగింది. ఒక వస్తువును కదిలించాలంటే తగలాలి, తగలాలంటే ఒళ్లుండాలి. డెకార్ట్ జవాబిచ్చాడు. ఆమెకు తృప్తి కలగలేదు, మళ్లీ అడిగింది. ఉత్తరాలు ఏళ్లతరబడి నడిచాయి. 1644లో తన గ్రంథాన్ని ఆయన ఆమెకే అంకితమిచ్చాడు. 1649లో వచ్చిన చివరి గ్రంథం చాలా మేరకు ఆ ఉత్తరాల్లోంచే పుట్టింది. మనసుకూ శరీరానికీ సంబంధమేమిటన్నది నేటికీ తేలని సమస్య. దాన్ని ముందుగా ఇంత సూటిగా పట్టుకున్నవాళ్లలో ఆమె ఒకరు. ఆమె ఉత్తరాలు మాత్రం 1879 దాకా అచ్చులోకి రాలేదు.

ఆమె ఒక్కతే కాదు. మార్గరెట్ కావెండిష్, ఆన్ కాన్వే, దమారిస్ మాషమ్, ఎమిలీ దు షాత్‌లే వంటివాళ్లు 17, 18 శతాబ్దాల్లో పుస్తకాలు రాశారు, సమకాలికులతో వాదించారు. తర్వాత చరిత్ర రాసినవాళ్లు ఆ పేర్లు వదిలేశారు. కాంట్ అంతటివాడు 1764లో, దు షాత్‌లేలా భౌతిక సూత్రాలు చర్చించే ఆడది గడ్డం కూడా పెంచుకుంటే బాగుంటుందన్న అర్థంలో రాశాడు. స్త్రీకి ఆలోచనాశక్తి ఉన్నా దానికి అధికారం ఉండదని అరిస్టాటిల్ అన్నాడు. ఈ ఇద్దర్నీ మేం సిలబస్‌లో చెబుతాం, చెప్పాలి కూడా. మార్గదర్శకులుగా వీళ్లు ఉండి, ఎలిజబెత్ లేకపోతే బెంచీ మీద కూర్చున్న అమ్మాయికి అందే కబురేమిటో ఆలోచించండి.

మన ఇంటి సంగతి కూడా చూసుకుందాం. తిరుమల వెళ్లిన ప్రతి తెలుగువాడూ తరిగొండ వెంగమాంబ పేరున్న అన్నప్రసాద కేంద్రంలో భోంచేసి ఉంటాడు. 18వ శతాబ్దపు ఆ మహాభక్తురాలు ముత్యాలహారతితో అందరికీ తెలుసు. ఆమె రాజయోగామృతసారం రాసిందని, యోగవాసిష్ఠంలాంటి దట్టమైన తాత్విక గ్రంథాన్ని వాసిష్ఠ రామాయణంగా తెలుగు ద్విపదలోకి తెచ్చిందని ఎందరికి తెలుసు? ఆమెను భక్తి గదిలో కూర్చోబెట్టాం. తత్వశాస్త్రం గదికి పిలవలేదు.

ఆ యోగవాసిష్ఠంలోనే చూడాల కథ ఉంది. రాణి చూడాల భర్తకన్నా ముందే ఆత్మజ్ఞానం పొందుతుంది. చెప్పబోతే శిఖిధ్వజ మహారాజు నవ్వేస్తాడు. జ్ఞానం వెతుక్కుంటూ అడవికి పోతాడు. ఇక్కడ రాజ్యం ఆమే ఏలుతుంది. కొన్నేళ్లకు ఆమె కుంభుడనే బ్రాహ్మణ కుమారుడి వేషంలో వెళ్లి అదే జ్ఞానం చెబితే, రాజు చేతులు కట్టుకుని వింటాడు. నోరు అదే, మాట అదే. దీన్ని కథే కదా అనుకోవద్దు. 2012లో అమెరికాలో 127 మంది సైన్సు ప్రొఫెసర్లకు ఒకే ఉద్యోగ దరఖాస్తు పంపారు. కొందరికి జాన్ అన్న పేరుతో, కొందరికి జెన్నిఫర్ అన్న పేరుతో. జాన్ ఎక్కువ సమర్థుడిగా కనిపించాడు, జీతమూ ఎక్కువే పలికింది. దరఖాస్తులు పరిశీలించినవాళ్లలో ఆడ ప్రొఫెసర్లు కూడా అలాగే చేశారు.

ఇల్లు, కొలువు, భద్రత

క్లాసులు దాటి నిలబడ్డవాళ్లకు వేరే గండాలున్నాయి. 1950లలో మిడ్జ్‌లీ బీబీసీ రేడియోకు ఒక ప్రసంగం రాసి పంపింది. ఐరోపా మహాతత్వవేత్తల్లో ఇంచుమించు అందరూ బ్రహ్మచారులేనని, ఇంట్లో భార్యాబిడ్డలతో కలిసి బతికిన మనిషికి ఎదుటివాళ్ల మనసు ఉందా లేదా అన్న సందేహమే రాదని ఆమె వాదన. ఇంటి గొడవలను మేధోవిషయాల్లోకి తెస్తున్నారన్న కారణంతో దాన్ని తిప్పి పంపారు. అందులో ఉన్నది గంభీరమైన తాత్విక వాదం. అది వంటింటి వైపు నుంచి వచ్చింది కాబట్టి వాదంగానే కనిపించలేదు.

ఇంకొన్ని చోట్ల గండం ఇంతకన్నా ముతకగా ఉంటుంది. 2014లో కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ క్యాంపస్ తన తత్వశాస్త్ర శాఖ గురించి బయటి పరిశీలకులిచ్చిన నివేదికను తానే బయటపెట్టింది. లైంగిక వేధింపులు, అనుచిత ప్రవర్తన అక్కడ సమస్యగా ఉన్నాయని అందులో ఉంది. శాఖాధిపతిని మార్చారు, కొత్త పరిశోధక విద్యార్థులను చేర్చుకోవడం కొంతకాలం ఆపేశారు. ఆడవాళ్లు తక్కువగా ఉన్న చోట వేధించేవాడికి ధైర్యం ఎక్కువ, వేధింపు ఉన్న చోటికి ఆడవాళ్లు రారు. ఒకదాన్నొకటి పెంచుకునే ఈ వలయాన్ని తెంచాల్సింది శాఖ పెద్దలే.

మన చేతిలో ఉన్నది

ఇన్ని కారణాలు విన్నాక నిరాశ పడక్కర్లేదు. చాలా మటుకు కారణాలు మనుషులు చేసినవే కాబట్టి మనుషులు మార్చగలరు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రాజెక్ట్ వాక్స్ పేరుతో, మరుగున పడ్డ ఆడ తత్వవేత్తల రచనలను ఏ టీచరైనా పాఠంగా చెప్పుకునేలా సిద్ధం చేసి పెట్టారు. చాలా పత్రికలు వ్యాసం రాసిందెవరో తెలియకుండా పరీక్షించే పద్ధతికి వచ్చాయి. ఇవి మంచి పనులు, సాగాలి.

నేను మాత్రం తోటి టీచర్లను కోరేది ఇంతకన్నా చిన్నది. తగ్గుదల మొదటి కోర్సులోనే ఉందని లెక్కలు చెబుతున్నప్పుడు మందు కూడా అక్కడే వేయాలి. మొదటి నెలలోనే డెకార్ట్‌తో పాటు ఎలిజబెత్ ఉత్తరాన్ని చదివించండి. యాజ్ఞవల్క్యుణ్ణి చెప్పేటప్పుడు గార్గి పేరు చెప్పి సరిపెట్టకుండా, ఆమె ప్రశ్నలో ఉన్న తర్కాన్ని విప్పి చూపించండి. కాంట్ మాటను దాచకండి, చెప్పి, తప్పని చెప్పండి. చర్చకు ముందు రాయించండి. గొంతు పెద్దదైనవాడికే చర్చను అప్పగించకండి. అన్నిటికన్నా ముందు, ఈ చదువుకు పుట్టుమేధ కావాలని మీ నోట రానివ్వకండి. వాక్యాన్ని జాగ్రత్తగా చదవడం, దాగిన ఊహను పట్టుకోవడం, ఒక అడుగు తర్వాత ఇంకో అడుగు వేయడం, ఇవన్నీ నేర్పితే వచ్చే విద్యలు. నేర్పించడమే మా ఉద్యోగం.

తల్లిదండ్రులతో కూడా ఒక మాట. రేపు మీ అమ్మాయి డిగ్రీలో తత్వశాస్త్రం తీసుకుంటానంటే, ఉద్యోగాల గురించి మీకున్న భయం మీరు చెప్పండి, అది న్యాయమే. "దానికి చాలా తెలివి కావాలమ్మా" అని మాత్రం అనకండి. ఆ మాట ఆరేళ్ల వయసు నుంచీ ఆమె ఏదో ఒక రూపంలో వింటూనే ఉంది. ఆమె ఏ ప్రశ్న అడుగుదామనుకుంటోందో అడగండి, అడిగి పూర్తిగా వినండి.